తలుపు పక్క బెంచీ

రజని టీచర్‌కు అనుమానం పుట్టుకతో రాలేదు, పత్తి గింజలతో వచ్చింది. బచ్చన్నపేట దగ్గరి మెట్ట చేనులో ఆమె తండ్రి యాదగిరి ఒక ఏడాది ఉన్నదంతా పత్తే పెట్టాడు. చెట్లు నడుముదాకా పెరిగాయి గానీ కాయ పట్టలేదు. ఆ విత్తనాలు అమ్మినవాడు ఎప్పుడూ నవ్వుతూ, ‘బాపూ’ అని పిలుస్తూ, వాకిట్లో కూర్చుని చాయ తాగిపోయినవాడే. అప్పుడు రజనిది ఆరో తరగతి. నవ్వుతూ వచ్చేవాడిని ముందు అనుమానించాలి, నవ్వకుండా వచ్చేవాడిని ఆ తర్వాత అనుమానించాలి అని ఆ ఏడే నేర్చుకుంది. బళ్లో నేర్చుకున్నవి కొన్ని మరిచిపోయింది గానీ ఇది మాత్రం మరవలేదు.

ఇప్పుడామె కాపురం తొర్రూరులో. భర్త సంపత్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఆయన పాల ప్యాకెట్ తెస్తే ముందు తారీఖు చూస్తుంది, తర్వాత వాసన చూస్తుంది, ఆ తర్వాత ఆయన మొహం చూస్తుంది. “నన్నేం చూస్తవే, పాలిచ్చింది నేనా?” అని ఆయన మొత్తుకుంటాడు. పెళ్లయిన కొత్తలో బాధపడేవాడు, ఇప్పుడు నవ్వుకుంటాడు. ఆ నవ్వు మీద కూడా ఆమెకు కొంత అనుమానమే.

ఆమె ఉద్యోగం మరిపెడ దాటాక ఒక ఊరి హైస్కూల్లో. లెక్కల టీచర్. చదువు చెప్పడంలో వంక పెట్టడానికి లేదు. కూడికలకే బెదిరే పిల్లలు కూడా ఆమె చేతిలో పడితే ఏడాది తిరిగేసరికి సమీకరణాలు చేస్తారు. ఒక్కటే విచిత్రం. బోర్డు మీద రాసేటప్పుడు ఆమె క్లాసుకు వీపు చూపించదు. పక్కకు తిరిగి, ఒక కన్ను సుద్దముక్క మీద, ఇంకో కన్ను పిల్లల మీద ఉంచి రాస్తుంది. అందుకే ఆమె లెక్కలు ఎప్పుడూ కుడివైపుకు జారి కిందికి దిగిపోతుంటాయి. పిల్లలు ఆమెకు ‘సీసీ కెమెరా’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టిందెవరో ఆమె ఇంకా విచారిస్తూనే ఉంది.

తొమ్మిదో తరగతికి ఆమెది ఆఖరి పీరియడ్. ఎవరో దాత ఇచ్చిన జామెట్రీ బాక్సులను ఆ పీరియడ్‌లో పంచి, అయిపోగానే వెనక్కి తీసుకుంటుంది. పోయినేడాది రెండు బాక్సులు మాయమయ్యాయి. అప్పటినుంచి ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఇంటికి వెళ్లేముందు పిల్లలందరూ వరసగా వచ్చి ఆమె ముందు సంచి తెరిచి చూపించాలి. లంబాడీ తండా పిల్లలను తీసుకుపోయే ఆటో టీక్యాది, దసరా నుంచి అది లాంగ్ బెల్లుకు కాస్త ముందే వస్తోంది. తర్వాత అతను పత్తి ఏరే కూలీలను ఇళ్లకు చేర్చాలి కాబట్టి ఆగడు. అందుకని తండా పిల్లలను తలుపు పక్క బెంచీలో కూర్చోబెట్టి, ముందు వాళ్ల సంచులు చూసి పంపేది. ఊరి పిల్లలు ఆ తర్వాత. ఇందులో తప్పుపట్టే సంగతి ఏదైనా ఉంటుందని ఆమెకు కలలో కూడా తోచలేదు.

ఆ తలుపు పక్క బెంచీలోనే బానోత్ కల్యాణ్ కూర్చునేవాడు. తండ్రి అమర్‌సింగ్, తల్లి హైదరాబాద్‌లో బిల్డింగు పనులకు పోయారు. వాడు నాయనమ్మ రుక్కి దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. దసరా సెలవుల తర్వాత వాడికి ఏదో పూనినట్టయింది. పీరియడ్ చాలాభాగం బాగానే ఉండేవాడు. ఆ తర్వాత బెంచీని తన్నేవాడు, ముందువాడి పుస్తకం లాగి విసిరేసేవాడు. “ఏందిరా గది?” అంటే “నా ఇష్టం” అనేవాడు. ఆమె గొంతు పెంచితే వాడూ పెంచేవాడు. క్లాసు మొత్తం నోరు తెరిచి చూస్తుండగా తగ్గడం ఇద్దరికీ చేతకాలేదు. చివరికి ఆమె “బయటికి పో!” అని అరిచేది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు వాడు సంచి భుజాన వేసుకుని వరండాలోకి పోయి నిలబడేవాడు. ఆటో రాగానే ఎక్కి వెళ్లిపోయేవాడు. వరండాలో గోడకుర్చీ వేయించినా కిక్కురుమనేవాడు కాదు.

స్టాఫ్‌రూములో ఈ గోడు వెళ్లబోసుకుంటే సైన్సు చెప్పే విద్యాసాగర్ సారు ఆశ్చర్యపోయాడు.

“కల్యాణా? నా క్లాసుల గొర్రెపిల్ల లెక్క ఉంటడు మేడం. అడిగితె జవాబు గూడ చెప్తడు.”

రజని టీచర్‌కు కడుపు మండింది. తన క్లాసులో పులి, ఈయన క్లాసులో గొర్రెపిల్లా? పోయినేడు పదో తరగతి ఫలితాల్లో లెక్కలకే మంచి పేరు వచ్చింది, సైన్సుకు రాలేదు. ఈయనే పిల్లవాణ్ణి ఎగదోస్తున్నాడా? వారం రోజులు ఆయన మీద కన్నేసింది. ఆయన కల్యాణ్‌తో మాట్లాడినప్పుడల్లా నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లి గిన్నె కడుగుతున్నట్టు నిలబడి వినేది. ఆయన వాడితో మాట్లాడింది బల్లి తోక గురించి, తెగినా మళ్లీ ఎట్లా మొలుస్తుందని.

తర్వాత అనుమానం శ్యాం మీదికి మళ్లింది. ఊళ్లో ఎరువుల దుకాణదారు కొడుకు, క్లాసులో మొదటివాడు. అంత బుద్ధిమంతుడు లోపల్లోపల గిల్లుతున్నాడేమో అని వాడిని మూడో బెంచీకి మార్చింది. కల్యాణ్ బెంచీని తన్నడం ఆగలేదు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయని, గంజాయి ఏమైనా తాగుతున్నాడేమో అని నోటి దగ్గరకు వంగి వాసన చూసింది. నువ్వుల లడ్డు వాసన తప్ప ఏమీ రాలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఆ నెలలో ఆమె ఆటో నడిపే టీక్యాను కూడా వదల్లేదు.

హెడ్మాస్టర్ వీరస్వామి సారు నెమ్మదస్తుడే గానీ ఫిర్యాదులంటే ఆయనకు నిద్ర పట్టదు. “అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు వాడు ఇంటి కోపం బడి మీద తీస్తున్నడు మేడం. ఇంకొక్కసారి అయితె టీసీ చేతుల పెడుత. మిగిలిన పిల్లలు ఆగమైతరు” అని తేల్చేశాడు. టీసీ ఇస్తే కల్యాణ్ ఎక్కడికి పోతాడో బడిలో అందరికీ తెలుసు. వాడి చిన్నాన్న సేవ్యా భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. క్లీనర్‌గా పిల్లవాణ్ణి పంపమని అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. ఒకసారి లారీ ఎక్కితే వాడు మళ్లీ బడి గడప తొక్కడు.

ఆ మాట విన్నాక రజని టీచర్‌కు భయం వేసింది. వాడంటే ఆమెకు కోపం ఉన్నమాట నిజం. కానీ లారీ క్యాబిన్‌లో నిద్రపోయే పిల్లవాణ్ణి ఊహించుకుంటే ఆ కోపం నిలవలేదు. అదే వారం మానుకోటలో టీచర్లకు శిక్షణ జరిగింది. కోపిష్టి పిల్లలతో అందరి ముందు వాదన పెట్టుకోవద్దు, గొంతు తగ్గించండి, పక్కకు పిలిచి అడగండి, ఏదైనా బాధ్యత అప్పజెప్పండి అని అక్కడ చెప్పారు. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారన్నది ఆమె ఇన్నాళ్ల సిద్ధాంతం. అయినా దాన్ని పక్కన పెట్టి మర్నాడు కల్యాణ్‌ను వేపచెట్టు కిందికి పిలిచింది. ఎన్నడూ లేని మెత్తని గొంతుతో మాట్లాడింది.

“బిడ్డా, అన్నం తిన్నవా? బడిల ఎవరన్న నిన్నేమన్న అంటున్నరా?”

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఏం గావాలె టీచర్ మీకు?”

“నాకేం వద్దురా. నిన్ను క్లాసు లీడర్‌ను చేద్దామనుకుంటున్న.”

“నాకద్దు. మంచిగ మాట్లాడెటోళ్లు ఊకె మాట్లాడరు. మా నాయనను గూడ మేస్త్రి గిట్లనే మంచిగ మాట్లాడి తీస్కపోయిండు.”

అనేసి వెళ్లిపోయాడు. తనకంటే ఎక్కువ అనుమానించే మనిషిని రజని టీచర్ జీవితంలో అదే మొదటిసారి చూడటం.

ఆ తర్వాత ఒక మంగళవారం టీక్యా ఆటో రాలేదు. మరిపెడలో షెడ్డుకు వెళ్లిందని మధ్యాహ్నమే కబురొచ్చింది. తండా పిల్లలు లాంగ్ బెల్లుకు అందరితో కలిసి వెళ్లి నడుచుకుంటూ పోవాలి. ఇక ముందుగా పంపేది లేదు. ఆ రోజు కల్యాణ్ పీరియడ్ మొత్తం తల వంచుకుని లెక్కలు చేశాడు. ఒకసారి చెయ్యెత్తి “టీచర్, గా రెండో స్టెప్పు ఎట్ల వచ్చింది?” అని కూడా అడిగాడు. రజని టీచర్ సుద్దముక్క కింద పెట్టింది. వీడేదో పన్నాగంలో ఉన్నాడు! కూర్చోబోతూ కుర్చీ మీద చేత్తో తడిమింది, ముళ్లు లేవు. టేబుల్ కింద వంగి చూసింది, కప్పలు లేవు. లాంగ్ బెల్లు మోగింది, పిల్లలంతా గోలగా బయటపడ్డారు. కల్యాణ్ మామూలు పిల్లవాడిలా వాళ్లలో కలిసి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లే బస్సులో కూడా ఆమె ఆ లెక్కే వేసుకుంటూ కూర్చుంది. వాడెందుకు ఊరుకున్నాడు? క్లాసులో ఇవాళ కొత్తగా ఏముంది? ఏమీ లేదు. మరి రోజూ ఉండి ఇవాళ లేనిదేమిటి? ఆటో లేదు. ఆటో లేకపోతే ఇంకేం లేదు? సంచులు చూడటం లేదు. ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది. ఊరి పిల్లల సంచులు ఆఖరిసారి ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. తండా పిల్లల వంతు అయ్యేసరికే లాంగ్ బెల్లు మోగేది. మిగతావాళ్లు ‘టీచర్, టాటా’ అంటూ దూసుకుపోయేవారు, ఆమె చూసీచూడనట్టు వదిలేసేది. శ్యాం సంచి ఏ రంగో ఆమెకు గుర్తు లేదు. కల్యాణ్ సంచికి జిప్పు తెగి పిన్నీసు పెట్టి ఉంటుందని మాత్రం తెలుసు. అదే బెంచీలో కూర్చునే తండా అమ్మాయి లత సంచి అడుగున చిరుగుకు పచ్చదారంతో కుట్టు ఉంటుందనీ తెలుసు.

దసరా నుంచి రోజూ, క్లాసంతా చూస్తుండగా, ఆమె ఒక్క తండా పిల్లల సంచులే వెతుకుతూ వచ్చింది. వాడిని బయటికి పంపిన రోజున వాడి సంచి చూడలేదు. అందుకే వాడు ఆ మాట కోసం కాచుకున్నట్టు ఉండేవాడు. దొంగలా సంచి విప్పడం కంటే రౌడీలా వరండాలో నిలబడటం వాడికి నయమనిపించింది. గురివింద గింజ తన నలుపు ఎరుగదంటారు. విద్యాసాగర్ సారును, శ్యాంను, టీక్యాను, ఆఖరికి లడ్డు వాసనను కూడా అనుమానించిన మనిషి తనను ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. పక్క సీటు ఆవిడ చూస్తోందేమో అని దాన్ని మింగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ తెల్లారేసరికి ఆ అనుమానం మీద ఇంకో అనుమానం మొలిచింది. ఇదంతా తన భ్రమేమో, ఒక్క రోజు చూసి ఎట్లా నమ్మడం? లెక్కల టీచర్ కదా, సరిచూసుకోవాలనుకుంది. బుధవారం ఆటో వచ్చే వేళకు ఏమీ మార్చకుండా అన్నీ మామూలుగానే చేసింది. ఈసారి వాడిని మాత్రమే గమనించింది. మూలమలుపు దగ్గర ఆటో చప్పుడు వినబడగానే కల్యాణ్ చెయ్యి సంచి మీద పడింది. అవతలి వరసలోని ఊరి ఆడపిల్లలవైపు ఒక్కసారి చూశాడు. వాడి మొహంలో ఆమెకు కోపం కనబడలేదు, సిగ్గు కనబడింది. “ఆగు కల్యాణ్...” అని ఆమె నోరు తెరిచేలోపే వాడు బెంచీని తన్నాడు. ఎప్పుడూ ఊగి ఆగే బెంచీ ఆ రోజు తిరగబడింది. ఆటో ఎక్కే తండా పిల్లలకు దారిస్తూ పక్కన నిలబడ్డ శ్యాం పాదం మీద పడింది.

శ్యాం తండ్రి బండి మీద వచ్చి బడి దద్దరిల్లేలా అరిచి పోయాడు. వీరస్వామి సారు ఇక ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే రుక్కిని రమ్మని కబురు పంపాడు.

ఆ రాత్రి రజని టీచర్ అన్నం ముందు కూర్చుని లేచింది. తన పరీక్ష కోసం వాడి ఆఖరి అవకాశాన్ని వాడేసుకుంది. ఆ తప్పు ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

పొద్దున హెడ్మాస్టర్ గదిలో రుక్కి కుర్చీలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది. మోచేతి దాకా తెల్ల గాజులు, చేతిలో బువ్వ మూట. పత్తి ఏరడానికి పోతూ దారిలో ఆగింది. కల్యాణ్ ఆమె వెనకే ఉన్నాడు. ఆమె బతిమాలలేదు.

“ఇయ్యిండ్రి సారు ఆ కాయితం. మా సేవ్యా కాడికి భూపాలపల్లి తోలుత. ఈడ ఉండి మీతోని మాటలు పడుడెందుకు?”

రజని టీచర్ టేబుల్ దగ్గరికి వచ్చింది. ఉన్నదంతా చెప్పేసింది.

“సారు, తప్పు పిల్లగానిది కాదు, నాది. రోజూ తండా పిల్లల సంచులే వెతికిన. ఊరోళ్ల పిల్లలయి చూడలే. కావాల్నని చెయ్యలే గని, చేసిన మాట నిజం. వానికి అవమానమైంది. గది తట్టుకోలేకనే గిట్ల చేసిండు.”

వీరస్వామి సారు కళ్లజోడు తీసి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“మేడం, వీళ్లేమన్న బెదిరించిండ్రా మిమ్ముల? భయపడకుండ్రి, నేనున్న.”

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లు తను అందరినీ చూసిన చూపు అదే. ఇవాళ దాని ముందు తను నిలబడింది. అప్పుడు రుక్కి అందుకుంది.

“తప్పు నీదంటున్నవు గద టీచరమ్మా. మరి పేరు మా పోరనిది ఎందుకు కొట్టేస్తున్రు?”

వీరస్వామి సారు రాయబోతున్న పెన్నుకు మూత పెట్టాడు. “మీ పూచీ మీద ఉంచుతున్న మేడం. ఇంకోసారి అయితె మీరు గూడ నాకు చెప్పొద్దు” అన్నాడు. రుక్కి తృప్తి పడినట్టు కనిపించలేదు. మనవడి భుజం తట్టి, మూట సర్దుకుని పత్తి చేనికి పోయింది. కల్యాణ్ మాత్రం రజని టీచర్‌నే చూస్తున్నాడు, ఇప్పుడీమె తన దగ్గర ఏం గుంజుకోబోతుందో అన్నట్టు.

ఆఖరి పీరియడ్‌లో ఆమె బోర్డు ముట్టుకోలేదు. క్లాసు ముందు నిలబడి పొద్దున చెప్పిందే మళ్లీ చెప్పింది. ఇక ఎవరి సంచీ చూడనంది. బాక్సులు వెనక్కి వచ్చాక లెక్కపెట్టుకుంటే సరిపోయేదని, లెక్కలు చెప్పే తనకు ఆ లెక్క తోచలేదని కూడా ఒప్పుకుంది. పిల్లలెవరూ నవ్వలేదు. పాదానికి కట్టుతో కూర్చున్న శ్యాం పక్కవాడి చెవిలో “రేపు బడికి తనిఖీ ఉన్నట్టుందిరా” అన్నాడు. ఆమె మాట మీద వాడికీ అనుమానమే.

మాటలతో వీళ్లు నమ్మరని ఆమెకు అర్థమైంది. తన హ్యాండ్‌బ్యాగు తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

“కల్యాణ్, ఇటు రా. ఇన్నొద్దులు నేను నీ సంచి చూసిన. ఇయ్యాల నా బ్యాగు నువ్వు తెరిచి చూడు.”

వాడు లేచి టేబుల్ దాకా వచ్చాడు. బ్యాగు వైపు చూశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను ముట్ట టీచర్.”

“నేనే చెప్తున్న గదరా, భయమెందుకు?”

“రేపు అండ్లకెళ్లి ఏమన్న పోయిందంటె?”

రజని టీచర్ మంచితనమనుకుని ముందు పెట్టిన బ్యాగు వాడికి ఉచ్చులా కనబడింది. వాడి చోట తనున్నా ఆ మాటే అనేది. బ్యాగు తీసి బీరువాలో పెట్టి, “నువ్వన్నది కరెక్టే” అంది. వాడు చేతులు ముందుకు తీసుకోకుండానే వెళ్లి కూర్చున్నాడు. ఆమె బాక్సులు వెనక్కి తీసుకుని పిల్లల ముందే లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి.

అప్పుడే బయట ఆటో హారన్ మోగింది. తలుపు పక్క బెంచీలోని పిల్లలు లేచారు. లత తిన్నగా టేబుల్ దగ్గరికి వచ్చి, సంచి జిప్పు బర్రున లాగి, రెండు చేతులతో పట్టి ఆమె ముందు పెట్టింది. లత వెనక మిగతా తండా పిల్లలు కూడా సంచులు తెరుచుకుని వరసలో నిలబడ్డారు.

“చూడనని చెప్పిన గద బిడ్డా.”

“అలవాటు టీచర్” అంది లత, నాలుక కరుచుకుని. చేతులు మాత్రం ఇంకా సంచిని తెరిచే పట్టుకుని ఉన్నాయి.

రజని టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఎవరైనా చూస్తారేమో అనుకోలేదు. తలుపు దాకా వెళ్లిన కల్యాణ్ అదంతా చూసి వెనక్కి వచ్చాడు. లత సంచి జిప్పు తనే లాగి మూసేశాడు. వెనకవాళ్లను “నడువుండ్రి, టీక్యా పోతడు” అని తరిమాడు. అందరూ వెళ్లాక గడప మీద ఆగి అడిగాడు.

“రేపు చూస్తరా?”

“చూడ.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి గూడ చూడ.”

“చూద్దాం” అన్నాడు వాడు, ఆమె మాట ఏమాత్రం నమ్మనివాడిలా.

నమ్మకపోతే నమ్మకపోయాడు. అది తేల్చుకోవాలంటే వాడు రేపు బడికి రావాలి, ఎల్లుండీ రావాలి. రజని టీచర్‌కు ఆ పూటకు అది చాలు.